పెరట్లో నత్తలు: ఉప్పు చల్లితే పోతాయా?

ప్రశ్న: ఇంటి వెనక మూడు సెంట్ల పెరట్లో బొప్పాయి, నిమ్మ, బచ్చలి, వంగ, బంతి వేశాం. వానలు మొదలైనప్పటి నుంచి అరచేతిలో పట్టనంత నత్తలు రాత్రికి రాత్రే నారు నాకేస్తున్నాయి. ప్రహరీ గోడకు వేసిన సున్నం కూడా గీకేస్తున్నాయి. మొక్కల చుట్టూ ఉప్పు చల్లాను, కోడిగుడ్డు పెంకులు నలిపి వేశాను. నత్తలు తగ్గలేదు, బొప్పాయి ఆకుల అంచులు మాత్రం మాడిపోతున్నాయి. షాపులో నత్తల గుళికలు ఇచ్చారు. ఇంట్లో కుక్క ఉంది, వేయవచ్చా?
– ఒక గృహిణి, పెందుర్తి, విశాఖపట్నం

జవాబు: అమ్మా, ముందు ఉప్పు ఆపేయండి. నత్త ఒంటి మీద పడితే ఉప్పు దాని నీరు లాగేసి చంపుతుంది, నిజమే. కానీ వానకు కరిగి వేళ్ల దగ్గరికి దిగితే మొక్కకూ అదే గతి. మీ బొప్పాయి అంచులు మాడింది అందుకే అయ్యుంటుంది. పైన కనిపిస్తున్న ఉప్పు ఎత్తి పారేసి, నీరు నిలవకుండా చూసుకుంటూ మొక్కల మొదళ్లకు రెండు మూడు సార్లు మంచినీళ్లు బాగా పారించండి. కొత్త ఆకులు పచ్చగా వస్తే గండం గడిచినట్టే.

మీరు చెప్పిన సైజును, గోడ గీకడాన్ని బట్టి ఇది ఆఫ్రికా రాక్షస నత్త. గుల్ల పెరగడానికి దానికి కాల్షియం కావాలి, అందుకే సున్నం వదలదు. గుడ్డు పెంకులూ దానికి అడ్డు కావు, మేతే. 1847లో విలియం బెన్సన్ అనే ఆయన మారిషస్ నుంచి తెచ్చిన ఈ నత్తలను కలకత్తాలో ఒక తోటలో వదిలారు. మన దేశంలోకి ఇది అలా వచ్చింది. ప్రతి నత్తలోనూ ఆడ, మగ అవయవాలు రెండూ ఉంటాయి. ఒకసారి జతకట్టాక నెలల తరబడి గుడ్లు పెట్టగలదు, ఒక్కో విడతకు వంద పైనే. కాబట్టి ఏరిన నత్తను దయచేసి గోడ అవతలకు విసరకండి. పక్కింటివాళ్లకు సమస్య పెట్టినట్టవుతుంది, అది తిరిగి మీ ఇంటికీ వస్తుంది.

రేపు పొద్దున్నే ఒక పని చేయండి. కుండీలు, ఇటుకలు, కొబ్బరి డొక్కలు ఒక్కొక్కటీ ఎత్తి, కింద మట్టిని రెండు మూడు అంగుళాల లోతు వేళ్లతో కదపండి. సగ్గుబియ్యం కన్నా కాస్త పెద్దగా, లేత పసుపు రంగులో గుత్తిగా కనిపిస్తే అవే గుడ్లు. ఒక గుత్తి తీసేస్తే వంద నత్తలను ఏరినట్టే. నర్సరీ నుంచి కొత్త కుండీ తెచ్చినప్పుడూ అడుగున ఇలాగే చూడండి, చాలా ఇళ్లకు ఇవి ఆ మట్టితోనే చేరతాయి.

పెద్దవాటిని ఏరడమే అసలు మందు. సాయంత్రం గోనెసంచి తడిపి, కింద బొప్పాయి ఆకులు, క్యాబేజీ రెక్కలు పరచండి. రాత్రి తిరిగిన నత్తలు తెల్లారేసరికి ఆ చల్లదనం కింద చేరతాయి. పెంకు లేని చిన్న నత్తలు కూడా అక్కడే దొరుకుతాయి. ఏరినవాటిని ఐదు లీటర్ల నీళ్లలో కిలో ఉప్పు కలిపిన బకెట్‌లో వేసి, మర్నాడు మొక్కలకు దూరంగా లోతు గొయ్యి తీసి పూడ్చండి. ఆ నీళ్లు పెరట్లో పోయవద్దు. కనీసం నెల రోజులు మానకుండా చేయాలి. వీధిలో నాలుగిళ్లవాళ్లూ కలిస్తే ఫలితం ఇంకా బాగుంటుంది.

చేతికి గ్లౌజులు తప్పనిసరి. వీటి ద్వారా మెదడు పొరలకు వాపు తెచ్చే ఒక రకం నులిపురుగు మనుషులకు సోకే ప్రమాదం ఉంది. పిల్లలను ముట్టుకోనివ్వకండి, ఆకుకూరలు బాగా కడిగి, ఉడికించే తినండి. మన వైపు కొందరు చెరువు నత్తలు వండుకుంటారు. ఇవి అవి కావు, పొరపాటున కూడా తినవద్దు.

మొక్కలకు నీళ్లు సాయంత్రం కాకుండా పొద్దున పెట్టండి. రాత్రికి పైమట్టి ఆరి ఉంటే నత్త నడక సగం ఆగుతుంది. బూడిద వేసినా తడిసే వరకే పనిచేస్తుంది. నిమ్మ మొదలుకు మాత్రం బోర్డో పేస్టు పూయండి. లీటరు నీటికి వంద గ్రాముల మైలుతుత్తం, వంద గ్రాముల సున్నం చొప్పున, ప్లాస్టిక్ బకెట్‌లోనే కలపాలి. మైలుతుత్తంలోని రాగి తగిలితే నత్త ఎక్కడానికి ఇష్టపడదు. వానలు తగ్గాక ఇవి మాయమైనట్టు కనిపిస్తాయి కానీ, గుల్ల మూతికి తెల్లటి పొర కట్టుకుని రాళ్ల సందుల్లో నిద్రపోతాయి. ఎండాకాలంలో ఆ సందులు వెతికి ఏరేస్తే వచ్చే జూన్‌లో మీకు ఇంత టెన్షన్ ఉండదు.

ఇక గుళికల సంగతి. ప్యాకెట్ మీద మెటాల్డిహైడ్ (నత్తలను చంపే మందు) 2.5 శాతం అని ఉంటే పనిచేస్తుంది. కానీ ఆ వాసనకు కుక్కలు కూడా వస్తాయి, తింటే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి మీ ఇంట్లో నేనైతే వేయమనను. ఏరడంతో అదుపు కాకపోతే, కుక్కను కట్టేసే రోజుల్లో మాత్రమే, వాన లేని సాయంత్రం, కుక్క మూతి దూరని సన్నటి పైపు ముక్కల్లో నాలుగైదు గుళికల చొప్పున పెట్టి పొద్దున్నే తీసేయండి. కుప్పగా పోయవద్దు, ఆకుకూరల మడిలో అసలే వద్దు. కుక్క వణికినా, చొంగ కార్చినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి. గుళికల ప్యాకెట్ వెంట తీసుకుని వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లండి.