కర్నూలులో ఐదు రోజులకు ఫ్లాట్: బురుజు పక్కనా, సి క్యాంపులోనా?

మీరు మీ అమ్మానాన్నలు, ఇద్దరు పిల్లలతో డిసెంబర్ చివర్లో ఐదు రోజులు కర్నూలులో ఉండాలి, హోటల్ వద్దు, వంటగది ఉన్న ఫ్లాట్ కావాలి అన్నారు. కొండారెడ్డి బురుజు కిటికీలోంచి కనిపించే ఫ్లాట్ ఒకటి, సి క్యాంపు వైపు ఇంకొకటి చూశామని, ఏది తీసుకోవాలని అడిగారు.

సి క్యాంపుది తీసుకోండి. బురుజు పక్కన వద్దని చెప్పడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే నేను పుట్టి పెరిగింది ఆ పాతబస్తీలోనే. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీద పడ్డప్పుడు మా ఇల్లు మునిగింది. బురద ఎత్తిపోసి, గోడలకు సున్నం కొట్టించి కొన్నాళ్లు ఉన్నాం గానీ, నాన్నకు మనసు నిలవక అమ్మేశారు. అప్పటినుంచి ఊరికి వెళ్తే మేమూ మీలాగే రోజుల లెక్కన అద్దెకు దిగుతున్నాం. ఇప్పటికి మూడు చోట్ల ఉన్నాం.

మొదటిసారి మనసు అటే లాగింది. బురుజుకు దగ్గర్లో ఓ సందులో, మూడో అంతస్తులో తీసుకున్నాం. పొద్దున్నే కిటికీ తీస్తే బురుజు రాళ్ల మీద ఎండ మెల్లగా కిందికి దిగుతూ కనిపించేది. అమ్మ కాఫీ గ్లాసు చేతిలో పెట్టుకుని అక్కడే నిలబడిపోయేది. కానీ లిఫ్టు లేదు. మెట్లు ఎంత ఇరుకంటే పెద్ద సూట్‌కేసు మలుపు దగ్గర తిరగదు, నెత్తిన పెట్టుకుని ఎక్కాల్సిందే. కారు సందు మొదట్లోనే ఆగిపోయేది. అమ్మకు మోకాళ్ల నొప్పులు. ఒకసారి దిగి ఎక్కిందంటే ఆ రోజుకు మళ్లీ దిగేది కాదు. మేమంతా అలంపురం వెళ్లిన రోజు, "మీరు పోయి రాండి, నేను ఇక్కడే ఉంటా" అని ఉండిపోయింది. నవబ్రహ్మ ఆలయాలు ఇంకోసారి చూడాలని ఎన్నేళ్లుగానో అనుకున్న మనిషి. ఆ సంగతి గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. మీ అమ్మానాన్నలతో వెళ్తున్నారు కాబట్టే ఇదంతా చెబుతున్నా.

ఇంకో విషయం. కర్నూలు ఊళ్లో చూడాల్సినవాటికి ఒక పొద్దున, ఒక సాయంత్రం చాలు. కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున అబ్దుల్ వహాబ్ సమాధి (మేం గోల్ గుమ్మజ్ అంటాం), తుంగభద్ర ఘాట్లు. మిగతా రోజులన్నీ మీరు పొద్దున్నే కారెక్కి ఊరు దాటేవే. ఓర్వకల్లు రాతివనాలు, యాగంటి, మహానంది, అహోబిలం, వీటన్నిటికీ నంద్యాల రోడ్డే పట్టుకోవాలి. అలంపురానికి హైదరాబాద్ హైవే మీద వంతెన దాటి వెళ్లాలి, 25 కిలోమీటర్లు ఉంటుంది. మంత్రాలయం ఎమ్మిగనూరు వైపు, సుమారు 100 కిలోమీటర్లు. మీరు రాసిన ప్లాన్‌లో మూడు రోజులు నంద్యాల రోడ్డు మీదే ఉన్నాయి. సి క్యాంపు నుంచి నంద్యాల చెక్‌పోస్టు మీదుగా ఇట్టే బయటపడొచ్చు. బురుజు దగ్గరైతే ముసలివాళ్లను, పిల్లలను, టిఫిన్ క్యారియర్లను సందు చివరిదాకా నడిపించుకుని వచ్చేసరికే చల్లటి పొద్దు కాస్తా పోతుంది.

సి క్యాంపు కూడా చరిత్ర లేని చోటేం కాదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయింది. ఉన్నఫళంగా వచ్చిపడ్డ ప్రభుత్వ ఉద్యోగుల కోసం వేసిన క్యాంపులవే ఈ ఎ, బి, సి అనే పేర్లు. 1956 నవంబర్‌లో రాజధాని హైదరాబాద్‌కు పోయింది, పేర్లు మాత్రం ఉండిపోయాయి. రోడ్లు వెడల్పు, అక్కడక్కడా పెద్ద చెట్లు. రెండోసారి మేం ఉన్నది ఇక్కడే. నాన్న పొద్దున్నే సంచి పట్టుకుని రైతు బజారుకు నడిచి వెళ్లి వంకాయలు, మెంతికూర తెచ్చేవారు. అమ్మ రోజూ దిగేది. టిఫిన్ సెంటర్, మెడికల్ షాపు, పాల ప్యాకెట్ల కొట్టు, మూడూ నడిచే దూరంలో ఉన్నాయా లేదా అన్నదే పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ముందు చూసుకోవాలి.

మూడోసారి నంద్యాల రోడ్డు మీద బాగా దూరంగా, కొత్త అపార్ట్‌మెంట్‌లో దిగాం. లిఫ్టు, పార్కింగ్, వాచ్‌మన్ అన్నీ ఉన్నాయి. ఒక రాత్రి పదిన్నరకు నాన్నకు షుగర్ పడిపోయి చెమటలు పట్టాయి. పక్క ఫ్లాట్ వాళ్లు చక్కెర నీళ్లు ఇచ్చి ఆదుకున్నారు గానీ, మందుల కోసం ఆటో దొరకక నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఊళ్లో పెద్దాసుపత్రి ఉంది, నర్సింగ్ హోమ్‌లూ ఉన్నాయి, మనం వాటికి దూరంగా ఉంటే ఏం లాభం? కుర్రాళ్లు కారుతో వెళ్తే ఆ వైపు బాగానే ఉంటుంది, మీకు వద్దు.

ఫ్లాట్ ఖాయం చేసేముందు ఓనర్‌కు ఫోన్ చేసి నీళ్ల గురించి గట్టిగా అడగండి. మున్సిపల్ కొళాయి ఉందా, ఒట్టి బోరేనా? మాకు ఒకచోట బోరు నీళ్లే వచ్చాయి. ఉప్పగా ఉండి సబ్బు నురగ రాలేదు, పప్పు ఎంతసేపటికీ ఉడకలేదు. తాగడానికి, వంటకు రోజూ క్యాన్లు వేయించుకున్నాం. డిసెంబర్ కాబట్టి గీజర్ పనిచేస్తుందో లేదో కనుక్కోండి. ఎప్పుడైనా మే నెలలో వెళ్లాల్సి వస్తే మాత్రం పై అంతస్తు తీసుకోవద్దు, స్లాబు రాత్రి దాకా సెగలు కక్కుతుంది. వీడియో కాల్‌లో గదులు, మెట్లు, గేటు చూపించమనండి. మాకు ఒకాయన ఫోటోల్లో ఒక ఫ్లాట్ పెట్టి, తాళాలు వేరేదానివి ఇచ్చాడు. రాత్రి పూట సామాన్లతో వీధిలో నిలబడి ఏం గొడవ పెట్టుకుంటాం, సర్దుకుపోయాం. అప్పటినుంచి చూడకుండా మొత్తం డబ్బు ముందే పంపడం మానేశాం.

బురుజు చూడకుండా మాత్రం రావద్దు. ఒకరోజు ఆరున్నరకల్లా ఆటోలో అక్కడ దిగండి, బజారు ఇంకా నిద్ర లేవకముందే. విజయనగర కాలపు కోటలో మిగిలిన ముక్క అది. అలంపురం పాలకుడు కొండారెడ్డిని అందులో బంధించారని మా నాయనమ్మ కథగా చెప్పేది. పిల్లలకు ఆ కథ చెప్పండి, వింటారు. తర్వాత అక్కడే ఏదో ఒక బండి దగ్గర ఉగ్గాని, మిరపకాయ బజ్జి తినండి. బొరుగులు నానబెట్టి, నీళ్లు పిండేసి, తాలింపులో వేసి, పైన పుట్నాల పొడి చల్లి ఇస్తారు. ఉగ్గాని మెత్తగా, బజ్జి కరకరలాడుతూ ఉండాలి, రెండూ కలిపే తినాలి. పిల్లలకు కారం తక్కువ వేయమని ముందే చెప్పండి.

సి క్యాంపు ఫ్లాట్ ఎన్నో అంతస్తో మీరు రాయలేదు. మొదటి అంతస్తు దాటితే, లిఫ్టు ఉందా లేదా కనుక్కుని, కరెంటు పోయినా అది నడుస్తుందో లేదో కూడా అడిగి, అప్పుడు అడ్వాన్స్ కట్టండి.