మిషన్ ఏ మేడ మీద పెట్టారో ముందు అది కనుక్కోండి

ప్రశ్న: మాది ఒంగోలు దగ్గర చిన్న ఊరు. చుట్టూ గ్రానైట్ క్వారీలు, పాలిషింగ్ ఫ్యాక్టరీలు. మా ఊరి గాలి ప్రభుత్వం పెట్టిన పరిమితి లోపలే ఉందా, దాటిందా అన్నది ఎలా తెలుస్తుంది? ఫోన్లో కనిపించే ఏక్యూఐని (గాలి నాణ్యత సూచీని) నమ్మొచ్చా?

ఫోన్ సంగతి తర్వాత చూద్దాం. మీ ప్రశ్న చదవగానే నాకు కుడి భుజం నొప్పి గుర్తొచ్చింది. బీఎస్సీ కెమిస్ట్రీ అయిపోయాక దాదాపు రెండేళ్లు ఒక ప్రైవేటు ల్యాబులో చేశాను. ఉద్యోగం పేరు ఫీల్డ్ అసిస్టెంట్. చేసే పని మాత్రం గాలి కొలిచే మిషన్‌ని మేడలు ఎక్కించడం, దించడం. ఫ్యాక్టరీల వాళ్లు కాలుష్య నియంత్రణ బోర్డుకు రిపోర్టులు ఇచ్చుకోవాలి కాబట్టి మమ్మల్ని పిలిచేవాళ్లు. ఇప్పుడు పురుగుమందుల కొట్టు పెట్టుకున్నాను, అడిగేవాళ్లు లేరు కాబట్టి ధైర్యంగా రాస్తున్నా.

ఆ మిషన్ పేరు రెస్పిరబుల్ డస్ట్ శాంప్లర్. మేం ఆర్‌డీఎస్ అనేవాళ్లం. రేకు పెట్టె, లోపల మోటారు, పైన పూరింటి కప్పులా రెండు వైపులా వాలిన మూత. మూత కింద తెల్లటి ఫిల్టర్ పేపర్ పరుస్తాం. మోటారు నిమిషానికి సుమారు 1.1 ఘనమీటర్ల గాలి లాగుతుంది. పెద్ద దుమ్ము సైక్లోన్ అనే గొట్టంలో గిరగిరా తిరిగి కింద కప్పులో పడుతుంది. 10 మైక్రాన్ల (మిల్లీమీటరులో వందో వంతు) లోపు సన్న దుమ్ము పేపర్‌కి పట్టుకుంటుంది, దాన్నే పీఎం10 అంటారు. ఎనిమిది గంటలకో పేపర్, రోజుకి మూడు. ముందు ఖాళీ పేపర్ తూచాలి, తర్వాత దుమ్ముతో తూచాలి. అంతే, ఇందులో పెద్ద మర్మమేమీ లేదు.

కానీ లెక్క చూడండి. ఎనిమిది గంటలకి 528 ఘనమీటర్ల గాలి. పీఎం10కి మన దేశంలో 24 గంటల పరిమితి ఘనమీటరుకి 100 మైక్రోగ్రాములు. అంటే ఒక పేపర్ మీద 53 మిల్లీగ్రాములు పడితే సరిగ్గా గీత మీద ఉన్నట్టు. ఇంట్లో నాలుగైదు సన్నబియ్యం గింజలు అరచేతిలో వేసుకుని చూడండి, అంత బరువు. పేపర్ తీసేటప్పుడు అంచు రబ్బరుకి అంటుకుని ఓ పీలిక ఊడిందంటే అందులో కొంత పోయినట్టే. చెమట చేత్తో పట్టుకుంటే బరువు పెరుగుతుంది. మోటారులో కార్బన్ బ్రష్‌లు అరిగితే గాలి తక్కువ లాగుతుంది, అయినా రాసే కుర్రాడు అలవాటు కొద్దీ 1.1 అని రాసేస్తాడు. నేనూ రాశాను. మే నెల మధ్యాహ్నం రెండింటికి ఇనప నిచ్చెన ఎక్కి, గాలి ఎంత లాగుతోందో చూపే మానోమీటరు చూసి రాయమనండి ఎవరినైనా, అప్పుడు మాట్లాడదాం.

ఇక అసలు విషయం. మా మిషన్ ఎప్పుడూ ఒక ఫ్యాక్టరీ వాళ్ల గెస్ట్‌హౌస్ మేడ మీద ఉండేది. పేరు చెప్పను. చుట్టూ వేపచెట్లు, పూటపూటకీ నీళ్లు చల్లిన లాన్. కరెంటు పోతే జనరేటరు. టీ కూడా వచ్చేది. రిపోర్టు ఎప్పుడూ పరిమితి లోపలే. అంకె అబద్ధం కాదు, ఆ మేడ మీద గాలి నిజంగానే బాగుండేది!

ఒక వేసవిలో వెళ్లేసరికి గెస్ట్‌హౌస్‌కి తాళం. వాచ్‌మన్ తిరునాళ్లకి పోయాడు, ఫోన్ ఎత్తడు. ఆటో వాడికి డబ్బులు ఇచ్చేశాను, మిషన్ రోడ్డు మీద ఉంది. ఏం చేయాలో తోచక ఎదురుగా ఊళ్లో ఉన్న స్కూలు హెడ్‌మాస్టర్ గారిని బతిమాలుకుని వాళ్ల మేడ మీద పెట్టాను. స్కూలు పక్కనే టిప్పర్లు తిరిగే మట్టి రోడ్డు. పైన పట్టా కప్పకుండా పోయే టిప్పర్ల గురించి మొదలుపెడితే ఈ జవాబు ఇవాళ అయిపోదు, వదిలేస్తున్నా.

ఆ మిషన్ మోత మిక్సీలో పప్పు రుబ్బినట్టు ఉంటుంది, రోజంతా. రాత్రి పది గంటలకి పేపర్ మార్చడానికి ఎక్కుతుంటే పక్కింటి అవ్వ గోడ దగ్గరికి వచ్చింది.

"ఏంది అబ్బయ్యా ఈ మోత? తెల్లార్లూ ఇట్టనే ఉంటదా?"

"దుమ్ము కొలుస్తన్నాం అవ్వా. పొద్దున తీసేస్తా."

"దుమ్ముకి మిషనెందుకు? మా గేదెనడుగు. చొప్ప దులిపి వెయ్యకపోతే మూతి కూడా పెట్టదు."

నాకు నవ్వొచ్చింది. అవ్వ మాత్రం నవ్వలేదు.

నడి రాత్రి కరెంటు పోయింది. టైమర్ ఆగిపోయింది. మళ్లీ వచ్చేదాకా మేడ మీదే కూర్చున్నా. మోత ఆగాక టిప్పర్ల చప్పుడు వినిపించింది, ఒకదాని వెనక ఒకటి. పొద్దున మూడో పేపర్ తీస్తే తెల్లటిది కాస్తా సిమెంటు బస్తా లోపలి కాగితంలా ఉంది. ఒంగోలు తెచ్చి డెసికేటర్‌లో పెట్టి, తేమ పోయాక తూచాను. మూడు పేపర్లూ కలిపి సగటు కడితే పరిమితికి రెట్టింపు దాటింది. రెండోసారి తూచినా అదే.

మా సార్ అంకె చూశాడు, తిట్టలేదు. "ఆర్డర్‌లో రాసిన లొకేషన్ ఇది కాదు కదా, కరెంటు కూడా పోయింది, ఈ శాంపిల్ చెల్లదు" అన్నాడు. మళ్లీ గెస్ట్‌హౌస్ మేడ మీద తీసుకురమ్మన్నాడు. ఆయన చెప్పింది రూల్ ప్రకారం తప్పు కాదు. నా కడుపుమంటంతా అక్కడే. ఇష్టం వచ్చిన చోట ఒక్క రోజు తీసిన శాంపిల్‌తో ఎవరినీ నిలదీయలేం. కానీ ఆ లొకేషన్ అక్కడే ఉండాలని మొదట ఎవరు రాశారు, ఏ వైపు గాలి చూసి రాశారు అని అడిగేవాడే ఉండడు.

రూల్ అన్నా కాబట్టి అది కూడా చెప్పేస్తా. 2009 నవంబరులో వచ్చిన నోటిఫికేషన్‌లో 12 రకాల కాలుష్యాలకి పరిమితులు ఉన్నాయి. ఘనమీటరుకి మైక్రోగ్రాముల లెక్కలో పీఎం10కి ఏడాది సగటు 60, ఇంకా సన్న దుమ్ము పీఎం2.5కి (2.5 మైక్రాన్ల లోపుది) ఏడాది సగటు 40, 24 గంటలకి 60. ఏడాది సగటు అనాలంటే వారానికి రెండు రోజుల చొప్పున కనీసం 104 రోజులు కొలవాలి. 24 గంటల పరిమితిని 98 శాతం రోజులు పాటిస్తే చాలు, మిగతా 2 శాతం దాటినా ఊరుకుంటారు, కాకపోతే వరసగా రెండు కొలత రోజులు దాటకూడదు. 104లో 2 శాతం అంటే రెండు రోజులు. దీపావళికి ఒకటి, టైర్లు తగలబెట్టే మన భోగికి ఒకటి, అయిపోయాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పీఎం10కి ఏడాది సగటు 15 చాలంది. మన 60 దానికి నాలుగింతలు. కాబట్టి "పరిమితి లోపలే" అని రాసిన కాగితం చూసి మరీ మురిసిపోకండి.

మీ ఊరి రిపోర్టు ఎవరైనా చూపిస్తే నెల చూడండి. ఇది మన జిల్లాల వాళ్లకే అర్థమయ్యే కిటుకు. కొత్త ప్రాజెక్టుకి గాలి లెక్కలు వానాకాలం వదిలేసి ఒక సీజన్ తీస్తే చాలంటారు అనుమతులిచ్చేవాళ్లు. వానాకాలం అంటే వాళ్ల పుస్తకంలో జూన్ నుంచి సెప్టెంబరు. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే వానలు వెళ్లిపోయినట్టు లెక్క. నెల్లూరు, ఒంగోలు వాళ్లకి అసలు వానలు మొదలయ్యేదే అప్పుడు! తుపాను పట్టి, చెట్లూ రోడ్లూ అన్నీ కడిగేసిన వారంలో శాంపిల్ తీస్తే క్వారీ పక్కన కూడా కొండ మీద గుడిలో ఉన్నట్టే వస్తుంది అంకె. నా లెక్కలో మార్చి నుంచి మే దాకా తీయని రిపోర్టు మన వైపు రిపోర్టే కాదు.

ఫోన్ సంగతి అడిగారు. మీ ఊళ్లో మిషన్ లేనప్పుడు ఫోన్ ఎక్కడో దూరాన ఉన్న స్టేషన్ అంకెనో, ఉపగ్రహం చూసి కట్టిన అంచనానో చూపిస్తుంది. పైగా ఒక్కో యాప్‌ది ఒక్కో లెక్క. పీఎం2.5 ఘనమీటరుకి 60 ఉంటే మన దేశం లెక్కలో ఏక్యూఐ 100, అమెరికా లెక్కలో 150 దాటుతుంది. మా బావమరిది ఆన్‌లైన్లో ఒక చిన్న సెన్సార్ కొన్నాడు. నెల్లూరులో ఉంటాడు, తెల్లారుజామున మంచుకీ తేమకీ అది ఎర్రగా అరుస్తుంది, మా చెల్లెలు దోసె వేసినా అరుస్తుంది. ఇప్పుడు దాన్ని టీవీ పక్కన గడియారంలా వాడుతున్నారు, టైం మాత్రం కరెక్టుగా చూపిస్తుంది.

నెల్లూరు ఊరంటే గుర్తొచ్చింది. 2019లో కేంద్రం మొదలుపెట్టిన గాలి శుద్ధి కార్యక్రమం జాబితాలో నెల్లూరు ఉంది. జనం అది అవమానం అనుకుంటారు. నేనైతే అదృష్టం అంటా. ఏళ్ల తరబడి మిషన్ పెట్టి కొలిచారు, పరిమితి దాటిందని తేలింది, జాబితాలోకి ఎక్కింది. మీ ఊళ్లో కొలిచిందే లేదు, ఇక ఏ జాబితాలోకి ఎక్కుతుంది?

అలాగని తప్పంతా క్వారీల మీదకే తోసేయలేను. మా నాన్నకి పొగాకు బ్యారన్, అంటే పచ్చి ఆకుని వేడికి ఆరబెట్టే కొట్టం, ఉండేది. ఆకు కాల్చే రోజుల్లో రాత్రీ పగలూ కట్టెలు మండుతూనే ఉండేవి, ఊరంతా బ్యారన్లే. ఆ పొగలోనే చదువుకున్నాం, పడుకున్నాం. ల్యాబులో చేసిన రెండేళ్లలో ఒక్కసారైనా మా ఊరి మేడ మీద మిషన్ పెట్టి చూద్దామని నాకు అనిపించలేదు. అనిపించినా నాన్న పెట్టనిచ్చేవాడు కాదేమో.

మీరు చేయాల్సింది చెప్తా. పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు కింద మీ చుట్టుపక్కల ఫ్యాక్టరీల గాలి రిపోర్టులు బోర్డుని అడగండి. వచ్చాక అంకెల జోలికి వెంటనే వెళ్లకండి. ముందు ఏ మేడ మీద తీశారు, ఏ నెలలో తీశారు, గాలి ఎటు నుంచి వీచింది, ఎన్ని గంటలు నడిచింది, ఈ నాలుగూ చూడండి. ఈసారి ఆటోలో మిషన్ వేసుకుని ఎవరైనా కుర్రాడు మీ ఊరికి వస్తే, ఒక టీ ఇప్పించి బ్రష్‌లు ఎప్పుడు మార్చారని అడగండి. వాడికి మాత్రం తెలిసే ఉంటుంది.