తరంగాలు సరే, బాపు మెలకువగా ఉన్నాడా?

(ఈ నెల ఉత్తరాలకు జవాబులిస్తున్నది హనుమకొండలో ముప్పై ఏళ్లకు పైగా ఈఈజీ (మెదడు తరంగాలు తీసే పరీక్ష) టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైన ఒక పాఠకుడు.)

ప్రశ్న: మా బాపుకు 71 ఏళ్లు. రైల్వేలో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు, కాజీపేటలో మాతోనే ఉంటాడు. ఈ మధ్య మనుమడిని పిలవబోయి మా తమ్ముడి పేరు పిలుస్తున్నాడు. తాళంచెవి ఎక్కడ పెట్టాడో గుర్తుండటం లేదు. పోయిన నెల మా కాలనీ కమ్యూనిటీ హాల్లో ఒక కంపెనీ వాళ్లు క్యాంపు పెట్టారు. తలకు టోపీలాంటిది తొడిగి, ఐదు నిమిషాలు మెదడు తరంగాలు తీసి, 'ఏఐ రిపోర్టు' అని కాగితం ఇచ్చారు. అందులో 'డిమెన్షియా రిస్క్ 82 శాతం' అని ఎర్ర అక్షరాలతో ఉంది. డిమెన్షియా అంటే మతి క్రమంగా తగ్గిపోయే జబ్బట. పద్దెనిమిది వేల ప్యాకేజీ తీసుకొమ్మంటున్నారు. అప్పటి నుంచి బాపు సరిగా తినడం లేదు, ఇంట్లో అందరికీ టెన్షన్. యంత్రం చెప్పింది నిజమేనా?
- ఒక కూతురు, కాజీపేట

జవాబు: అమ్మా, ముందు నేనొకటి అడుగుతాను. క్యాంపు ఎన్ని గంటలకు జరిగింది? బాపు అన్నం తిని పోయాడా? టోపీ పెట్టినప్పుడు కునుకు తీశాడా?

ఎందుకు అడుగుతున్నానో చెప్తాను. కళ్లు మూసుకుని మెలకువగా కూర్చున్న మనిషికి తల వెనక భాగంలో సెకనుకు 8 నుంచి 13 సార్లు లేచిపడే అలలు వస్తాయి. వాటిని ఆల్ఫా అంటారు. కళ్లు తెరవమనగానే అణిగిపోతాయి. నేను 1988లో పనిలో చేరినప్పుడు కంప్యూటరు లేదు, ఎనిమిది సిరా కలాలు కాగితం మీద గీసేవి. ఇరవై నిమిషాల రికార్డింగుకు 120 పేజీలు. డాక్టరు గారు పేజీ తిప్పుతూ, స్కేలు పెట్టి అలలు లెక్కపెట్టేవారు. సెకనుకు ఎనిమిది కంటే తగ్గితే ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టేవారు.

డిమెన్షియాలో ఎక్కువగా కనబడే రకం అల్జీమర్స్. అందులో జరిగేది ఇదే. ఆల్ఫా నిదానిస్తుంది, బలం తగ్గుతుంది. సెకనుకు 4 నుంచి 8 మధ్య ఉండే థీటా, ఇంకా మెల్లగా నడిచే డెల్టా పెరుగుతాయి. జ్ఞాపకానికి అవసరమైన అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు దెబ్బతినడం దీనికి ఒక కారణం. ఇప్పుడు కంప్యూటరు ఆ రికార్డింగును కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో ఏ అల ఎంత ఉందో, తలలో ఈ మూలకూ ఆ మూలకూ లయ ఎంత కలుస్తుందో లెక్క తీస్తుంది. జబ్బు ఉందని, లేదని ముందే తేలిన మనుషుల రికార్డింగులతో దానికి నేర్పిస్తారు. స్కేలు పట్టుకున్న డాక్టరు కంటికి ఆనని చిన్న తేడా దానికి దొరకొచ్చు. అందుకే ఈ పరిశోధన మీద నాకు గౌరవముంది. ఎంఆర్ఐ కంటే చౌక, బండిలో వేసుకుని ఊరికి పోవచ్చు.

కానీ కునుకు పట్టే మనిషి తలలో కూడా అచ్చం ఇలాగే ఆల్ఫా చెదిరిపోయి థీటా వస్తుంది. కాగితం మీద రెండూ అక్కాచెల్లెళ్లలా ఉంటాయి. అందుకే రికార్డింగు నడుస్తుంటే నేను బల్ల మీద తట్టేవాణ్ని, "పెద్దాయనా, పడుకోకుర్రి" అనేవాణ్ని. ఏ నిమిషంలో కళ్లు మూతలు పడ్డాయో పక్కనే రాసేవాణ్ని. క్యాంపులో అలా రాసినవాళ్లున్నారా? ఇంకోటి. మెదడు అలలు వోల్టులో పది లక్షలవ వంతుల్లో కొలిచేవి. తలకు కొబ్బరినూనె ఉన్నా, దవడలో వక్క నలుగుతున్నా, కనురెప్ప కొట్టుకున్నా వాటిని మించిన గీతలు పడతాయి. నిద్రమాత్రలు వేసుకునేవాళ్ల అలలు వేరేగా ఉంటాయి. బాపు ఏం మాత్రలు వేసుకుంటాడో అడిగారా?

ఇక ఆ 82 శాతం. మన దేశంలో 60 దాటినవాళ్లలో నూటికి 7.4 మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ సర్వే అంచనా. వెయ్యి మంది పెద్దలు క్యాంపుకు వస్తే 74 మందన్నమాట. యంత్రం చాలా మంచిదే అనుకుందాం: జబ్బున్నవాళ్లలో నూటికి 90 మందిని పట్టుకుంటుంది, లేనివాళ్లలో నూటికి 90 మందిని 'మీకేం లేదు' అని పంపిస్తుంది. అప్పుడు జబ్బున్న 67 మందికి, లేని 93 మందికి ఎర్ర అక్షరాల కాగితం అందుతుంది. పట్టుబడినవాళ్లలో సగానికి పైగా జబ్బు లేనివాళ్లే! మీ బాపు ఏ వైపో ఆ కాగితం చెప్పలేదు.

మరి ఏం చేయాలి? పద్దెనిమిది వేలు మాత్రం కట్టొద్దు. న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకుపోండి. బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు రాస్తారు, ఆ రెండింట్లో ఏది తక్కువైనా మతిమరుపు రావొచ్చు, మందులతో సర్దుకోవచ్చు. ఉద్యోగం పోయిన దిగులు, నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు కూడా మతిని మసకబారుస్తాయి. ఈ మధ్య ఎక్కడైనా జారిపడి తలకు దెబ్బ తగిలితే అది కూడా చెప్పండి. చెవులు తప్పక చూపించండి. ముప్పై ఏళ్లు రైలు కూతల మధ్య బతికిన మనిషి, సగం మాట వినబడకపోతే సగమే గుర్తుంటుంది. జ్ఞాపకశక్తి పరీక్షలు తెలుగులో ఉన్నాయి. భారత వైద్య పరిశోధన మండలి ఐదు భాషల్లో తయారు చేయించిన పరీక్షల్లో తెలుగు ఒకటి. వాటికి టోపీ అక్కర్లేదు.

పోయేముందు ఒక కాగితం మీద మీరే రాసుకోండి: బాపు ఏం మరిచిపోతున్నాడు, ఎప్పటి నుంచి, పింఛను లెక్క చూసుకోగలడా, తెలిసిన దారిలో తప్పిపోయాడా. పేరు తడబడటం, తాళంచెవి వెతుక్కోవడం నాకూ ఉన్నాయి. తాళంచెవి దేనికో తెలియకపోతే అప్పుడు వేరే సంగతి.

మా అవ్వ సంగతి చెప్తాను. ఏటా సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు, బంతి వరుసలు ఆమె పేర్చిందే పేర్పు, వాడంతా వచ్చి చూసేది. 2009లో గునుగు కట్ట చేతిలో పట్టుకుని కూర్చుండిపోయింది. "గిది యాడ వెట్టాలె బిడ్డా?" అంది. నాలుగు నెలల తరువాత నేనే ఆమె తలకు ఎలక్ట్రోడ్లు అంటించాను. ఆల్ఫా సెకనుకు ఏడు. యంత్రం తప్పు చెప్పలేదు. మా చెల్లె మాత్రం ఆ బతుకమ్మ రోజే గ్రహించింది.

ప్రశ్న: బీటెక్ చివరి సంవత్సరం. మెదడు తరంగాలతో అల్జీమర్స్ గుర్తించే ప్రాజెక్టు చేశాం, 98 శాతం కరెక్టుగా చెప్తోంది. ఊళ్లలో వాడొచ్చా?
- విద్యార్థి, హసన్‌పర్తి

జవాబు: బాబూ, నాకు ప్రోగ్రామింగు రాదు. మా మేనకోడలు ఇదే చదువుతోంది, ఆమె దగ్గర నేర్చుకున్న ప్రశ్న ఒకటి అడుగుతాను. మీరు వాడింది గ్రీసులోని థెస్సలొనీకి ఆసుపత్రి రికార్డింగులేనా? మొత్తం 88 మంది: అల్జీమర్స్ ఉన్నవాళ్లు 36, ఫ్రంటోటెంపోరల్ డిమెన్షియా (మెదడు ముందు, పక్క భాగాలను దెబ్బతీసే మరో రకం) ఉన్నవాళ్లు 23, ఆరోగ్యవంతులు 29. చాలామంది విద్యార్థులు దాన్నే దించుకుంటారట. ఒక్కో మనిషి రికార్డింగును వందల ముక్కలు చేసి, అన్నీ కలిపేసి, కొన్ని నేర్పడానికి, కొన్ని పరీక్షకు పెట్టారా? అలాగైతే పరీక్షలో వచ్చింది మీ కంప్యూటరు ముందే చూసిన మనిషే. అది జబ్బును పట్టిందో, ఆ మనిషి తలను గుర్తుపట్టిందో మీకే తెలియదు. లీకైన పేపరుతో వచ్చిన మార్కులన్నమాట. ఒక మనిషి ముక్కలన్నీ ఒకే వైపు ఉంచి మళ్లీ చూడండి. 98 పడిపోతే సిగ్గుపడకండి, పడిపోయిన అంకెనే రిపోర్టులో రాయండి.

గ్రీసు తలలతో నేర్చుకున్నది మన ములుగు, భూపాలపల్లి పెద్దలకు నప్పుతుందా అన్నది మరో ప్రశ్న. హైదరాబాదు నిమ్స్‌లో 648 మంది డిమెన్షియా రోగులను చూసి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. మన దగ్గర తెలుగు, ఉర్దూ రెండూ గడగడా మాట్లాడే ముసలివాళ్లు ఎంతమందో నీకూ తెలుసు. అందుకే గ్రీసు లెక్క ఇక్కడ అలాగే సరిపోతుందనుకోలేం. ముందు మనవాళ్ల రికార్డింగులు పోగు చేయాలి, పేరు బయటపడకుండా, అడిగి ఒప్పించుకుని.

ప్రశ్న: మా అమ్మమ్మకు ఎల్లుండి ఈఈజీ రాశారు. తలకు కరెంటు పెడతారని ఏడుస్తోంది.
- పరకాల

జవాబు: ఏ కరెంటూ పెట్టరు. యంత్రం తలలోకి ఏమీ పంపదు, లోపలి నుంచి వచ్చేది వింటుంది, అంతే. జిగురు అంటుతుంది, కడిగితే పోతుంది. మధ్యలో మెరిసే లైటు చూపించొచ్చు, గట్టిగా ఊపిరి పీల్చమనొచ్చు. రేపు తలంటు పోయించండి, నూనె రాయొద్దు. మందులు డాక్టరు చెప్తే తప్ప ఆపొద్దు. అన్నం పెట్టి తీసుకురండి.