ప్యానెల్ ఆన్ చేసే ముందు

చిరంజీవి అమ్మడికి, పెద్దనాన్న ఆశీస్సులు.

బడిలో చేరి నెల తిరక్కుండానే హెచ్ఎం గారు "మీరు కొత్తవాళ్లు, మీకైతే ఇవన్నీ వచ్చు" అని ఐఎఫ్‌పీల (తరగతి గోడకు పెట్టే పెద్ద టచ్ తెరల ప్యానెళ్ల) బాధ్యత నీ నెత్తిన పెట్టారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. టెన్షన్ పడుతున్నావట. ప్యానెల్ ఎలా వాడాలో నీకు నేను చెప్పేదేం లేదు, ఆ సంగతి నువ్వే నాకు నేర్పాలి. దాన్ని ఎప్పుడు ఆపాలి, ఏ పాఠానికి అసలు దాని జోలికి పోకూడదు అన్నది మాత్రం ముప్పై ఏళ్లకు పైగా ఫిజికల్ సైన్స్ చెప్పినవాడిగా నాకు కొంత తెలుసు. అదే రాస్తున్నాను.

ముందు పిల్లలు ఎక్కడ తడబడతారో చూసుకో. ప్యానెల్లో ఏమేం ఉన్నాయో తర్వాత వెతుకు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మంచి వీడియో ఒకటి దొరుకుతుంది, దానికి తగ్గట్టు పాఠం సర్దుతారు. పిల్లలు కదలకుండా చూస్తారు, ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. మర్నాడు ప్రశ్న అడిగితే ఒక్క చెయ్యీ లేవదు.

నీకు పదో తరగతి ఇచ్చారు కాబట్టి విద్యుత్ పాఠమే తీసుకుందాం. ఒక సెల్లు, దానికి శ్రేణిలో, అంటే ఒకదాని తర్వాత ఒకటిగా, ఒకే రకం బల్బులు రెండు. ఏది ఎక్కువ వెలుగుతుంది అని అడుగు. మొదటిదే అంటారు చాలామంది. "కరెంటు ముందు దాని దగ్గరికే వస్తుంది కదా మేడమ్, కొంత అది వాడేసుకుని మిగిలింది రెండోదానికి పంపుతుంది" అంటారు. ఓమ్ నియమం లెక్కలు తప్పు లేకుండా చేసే పిల్లలు కూడా ఇదే మాటంటారు. లెక్క వచ్చినా మనసులో ఉన్న బొమ్మ మారదు. సుద్దముక్కతో గీసి ఆ బొమ్మను మార్చడం కష్టం, ఎందుకంటే తీగలో ఏం జరుగుతోందో కంటికి కనపడదు. ప్యానెల్ అవసరమయ్యే చోటు సరిగ్గా ఇదే.

ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీద చేసి చూసే సైన్సు ప్రయోగాల బొమ్మలు, నువ్వు బీఈడీలో చూసే ఉంటావు. నోబెల్ పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలుపెట్టాడు. ఉచితం. తెలుగులోనూ చాలా ఉన్నాయి. డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తాయి. అందులో సర్క్యూట్లు కట్టే కిట్ ఒకటుంది. దాన్ని తెరిచేముందు మాత్రం ప్రతి పిల్లా పిల్లాడూ తన జవాబు నోట్సులో పెన్నుతో రాయాలి. పెన్సిల్ వద్దు, చెరిపేస్తారు. చేతులెత్తించి లెక్కపెట్టి ఆ అంకెలు బోర్డు మీద వెయ్యి. పక్కవాళ్లతో రెండు నిమిషాలు వాదించుకోనివ్వు. గోల అవుతుంది, కానివ్వు. అప్పుడు ఒక అమ్మాయిని పిలిచి ప్యానెల్ మీద సర్క్యూట్ కట్టించు. నువ్వు కట్టకు.

రెండు బల్బులూ ఒకేలా వెలుగుతాయి. తీగలో నీలం చుక్కలు, అంటే ఎలక్ట్రాన్లు, మొదటి బల్బుకు ముందు ఎంత వేగంతో పోతున్నాయో రెండోదాని తర్వాతా అంతే వేగంతో పోతుంటాయి. పెన్నుతో తప్పు రాసినవాళ్లు ఊరుకోరు, "ఎందుకు?" అని వాళ్లే అడుగుతారు. పాఠం అక్కడ మొదలుపెట్టు. జవాబు తమదై ఉండాలి, పందెం కాసి ఉండాలి. లేకపోతే ఎంత గొప్ప బొమ్మయినా సినిమాయే.

తర్వాత ప్యానెల్ ఆపేసి టార్చి బల్బులు, సెల్లు, తీగలు పంచు. ఈ మెట్టు ఎవరూ ఎక్కరు. టైము లేదంటారు. నా లెక్కన అసలైన సైన్సు ఇక్కడే ఉంది. చేతిలో ఉన్న బల్బులు రెండూ సమానంగా వెలగవు, ఏదో ఒకటి కాస్త మసకగా ఉంటుంది. రెండింటి స్థానాలు మార్చి చూడమను. ఆ మసకతనం కూడా బల్బుతో పాటే చోటు మారితే లోపం బల్బుదని వాళ్లే తేలుస్తారు. సమాంతర సంధానంలో, అంటే ప్రతి బల్బునూ నేరుగా సెల్లు రెండు కొసలకూ కలిపినప్పుడు, ఇంకో చిక్కు వస్తుంది. తెర మీద ఎన్ని బల్బులు కలిపినా వెలుగు తగ్గదు. నిజం సెల్లుతో కడితే ఒక్కో బల్బు కలిపేకొద్దీ తగ్గుతుంది. "బొమ్మ అబద్ధం చెప్పిందా?" అని ఎవడో ఒకడు అడగాలి, అడగకపోతే నువ్వే అడుగు. నిజం సెల్లు లోపల కూడా కొంత నిరోధం ఉంటుంది, బొమ్మలో దాన్ని సున్నా చేసి పెట్టారు. ఇది పబ్లిక్ పరీక్షలో రాదు. అయినా ఐదు నిమిషాలు ఇవ్వు. తెర మీద కనిపించేదంతా ఎవరో ఏదో వదిలేసి తయారుచేసిందని పదిహేనేళ్లకే తెలిస్తే ఆ పిల్లలు ఫోన్లో వచ్చే ప్రతిదాన్నీ నమ్మరు.

బ్యాటరీ రెండు కొసలనూ ఉత్త తీగతో కలిపితే తెర మీద మంటలొస్తాయి. మగపిల్లలు పదే పదే అదే చేస్తారు. తెర మీద చేసుకోనివ్వు. నిజం సెల్లుతో మాత్రం చేయొద్దని ముందే గట్టిగా చెప్పు.

కటకాలకూ ఇలాగే. వస్తువును దూరం నుంచి నాభి వైపు జరుపుతుంటే ప్రతిబింబం ఎక్కడికి పరుగెత్తుతుందో బోర్డు మీద ఆరు పటాలు గీసినా తెలియదు, తెర మీద వేలితో జరిపితే తెలుస్తుంది. ఆమ్లాలు, క్షారాల పాఠానికి మాత్రం ప్యానెల్ వద్దు. పసుపు రాసిన కాగితం మీద సబ్బునీళ్లు పడి ఎర్రబారడం చూడాలంటే గిన్నె చాలు. మందారపువ్వు నలిపిన రసం ఉంటే ఇంకా మంచిది. చేత్తో చేయగలిగినదాన్ని తెర మీద చూపించడం బద్ధకం తప్ప టెక్నాలజీ కాదు.

వీడియో వాడక తప్పనప్పుడు సౌండ్ ఆపేసి నువ్వే తెలుగులో చెప్పు. ఇంగ్లిష్ మీడియం అయింది నిజమే. ఆ వీడియోల్లో ఇంగ్లిష్ వేగం మన పిల్లలకు అందదు, మొహమాటానికి తలూపుతారు. అర్థమయ్యాక రెండోసారి సౌండ్ పెట్టి చూపించు, ఇంగ్లిష్ మాటలు అప్పుడు ఎక్కుతాయి. ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో ఇంకో భాష ఉండే పాఠ్యపుస్తకాలు మనకు ఊరికే వేయలేదు. నువ్వూ అదే పద్ధతి పట్టుకో.

చిన్న సంగతులు కొన్ని. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ ఏం తెరుస్తుందో ముందు రాత్రి ఇంట్లో చూసుకుని ప్రభుత్వం వారి దీక్షా యాప్‌లో డౌన్‌లోడ్ చేసుకో. తరగతిలో నలభై మంది ముందు సిగ్నల్ కోసం ఫోన్ పైకెత్తి నిలబడితే నీ పీరియడ్ పోయినట్టే. చివరి బెంచీ నుంచి ఒకసారి తెరను చూడు. కిటికీ వెలుతురు పడి సగం కనపడదు. మధ్యాహ్న భోజనం తర్వాత గది చీకటి చేస్తే పిల్లలు నిద్రపోతారు, తప్పు వాళ్లది కాదు. వాట్సాప్‌లో హోంవర్క్ పెట్టకు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ నాన్నతో పాటు పనికి పోతుంది. తెర ముట్టుకోవడానికి పిలిస్తే ముందుకు ఉరికేది ఆ నలుగురు మగపిల్లలే. పేర్ల జాబితా గోడకు అంటించి వరసగా పిలువు.

కొత్త వస్తువు వచ్చి బడిని మార్చేస్తుందన్న ఆశ ఈనాటిది కాదు. 1975 ఆగస్టులో సైట్ అని ఒక ప్రయోగం మొదలైంది. అమెరికా ఉపగ్రహం నుంచి మన ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ పాఠాలు వచ్చాయి. ఏడాది తర్వాత ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది. 2004లో చదువు కోసమే పంపిన మన ఉపగ్రహం ఎడ్యుశాట్ వచ్చింది. 2022 డిసెంబరులో మన రాష్ట్రంలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు, మరుసటి ఏడాది ఈ ప్యానెళ్లు. నీ సర్వీసులో ఇంకా చాలా చూస్తావు. అందుకే నీ పాఠం ప్రణాళికను ఏ ఒక్క యాప్‌కూ కట్టెయ్యకు. ఏ పాఠంలో పిల్లలు ఎక్కడ తప్పుతారో ఒక నోట్సులో రాసుకుంటూ పో. యాప్‌లు మారినా ఆ తప్పులు మారవు.

టెక్నాలజీ దండగ అనుకునే మనిషిని కానమ్మా నేను. ఢిల్లీలో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన అధ్యయనం 2019లో అచ్చయింది. ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండేళ్లకు పైగా వెనకబడి ఉన్నారు. ఒక్కొక్కరికీ వాళ్ల స్థాయి నుంచి లెక్కలు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో బడి వేళల తర్వాత నేర్పిస్తే కొద్ది నెలల్లోనే బాగా పుంజుకున్నారు. గమనించు, ఒక్కో తరగతి గంటన్నర, అందులో సగమే కంప్యూటర్. మిగతా సగం చిన్న గుంపులతో మనిషి కూర్చున్నాడు. నీ తరగతిలో భాగహారం రాని పదో తరగతి పిల్లలుంటారు. వాళ్లకు తెర మీద సర్క్యూట్ కంటే ముందు అలాంటిది కావాలి.

ఇంకో మాట. మీ బడిలో రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ లెక్కల మాస్టారు ప్యానెల్ ముట్టుకోరట కదా. పిల్లల ముందు ఆయనకు నేర్పబోకు. స్టాఫ్‌రూమ్‌లో టీ తాగుతూ "త్రికోణమితిలో పిల్లలు ఎక్కడ ఆగిపోతారండీ?" అని అడుగు. ఆయన చెప్పేది ఏ శిక్షణలోనూ దొరకదు. ఆ చోటికి జియోజీబ్రాలో, అదే లెక్కల బొమ్మలు గీసి కదిలించే సాఫ్ట్‌వేర్‌లో, నువ్వొక బొమ్మ చేసిపెట్టు. పాఠం ఆయన చెబుతారు, వేలు నువ్వు ఆడించు. రెండు మూడుసార్లయ్యాక నువ్వు లేకుండానే తెరుస్తారు.

ఏఐతో ప్రశ్నపత్రాలు చేస్తున్నావని విన్నాను. చేసుకో, టైము మిగులుతుంది. తెలుగు పారిభాషిక పదాలు మాత్రం పుస్తకంతో సరిచూసుకో, సొంతంగా పుట్టించేస్తుంది. బహుళైచ్ఛిక ప్రశ్నల్లో తప్పు జవాబులు దాన్ని రాయనివ్వకు. అవి నీ పిల్లల నోట్సుల్లోంచి రావాలి.

సంక్రాంతికి వచ్చినప్పుడు అటక మీద నా ట్రంకుపెట్టె దింపిస్తాను. టార్చి బల్బులు, హోల్డర్లు, మొసలి క్లిప్పులు అందులోనే ఉన్నాయి, తీసుకెళ్లు. సెల్లులు మాత్రం కొత్తవి కొనుక్కో.

ఇట్లు
మీ పెద్దనాన్న