ప్రతి ఫ్రేమ్‌లో ఒకే చోట తెల్ల చుక్క: కారణం జూపిటర్-8 లెన్స్ కాదు

ఈ చుక్క జూపిటర్-8 లెన్స్ వల్లేనా అని అడిగారు కదా. కాదు, మీ ఫెడ్-2 (పాత సోవియట్ ఫిల్మ్ కెమెరా) షట్టర్ గుడ్డకు, అంటే ఫిల్మ్ ముందు వెలుగును ఆపే తెరకు, చిల్లు పడి ఉంటుంది. ఈ కెమెరాల్లో లెన్స్‌కీ షట్టర్‌కీ మధ్య అద్దం ఉండదు. మెరీనాలో ఉదయం మెడలో వేలాడదీసుకుని తిరిగితే లెన్స్ భూతద్దంలా ఎండను గుడ్డ మీదే పడేస్తుంది. నాదీ అలాగే కాలింది.

1. ఫిల్మ్, లెన్స్, వెనక మూత తీసేయండి.
2. చీకటి గదిలో ముందు నుంచి టార్చ్ వేసి వెనక నుంచి చూడండి.
3. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. షట్టర్‌లో గుడ్డ తెరలు రెండు! ఇప్పుడు వైండ్ చేసి (ఫిల్మ్ జరిపే నాబ్ తిప్పి), రెండో దాన్ని కూడా చూడండి. టార్చ్‌ను పక్కల నుంచీ తిప్పాలి.
4. సూదిమొన చిల్లయితే నల్ల ఫ్యాబ్రిక్ పెయింట్ టూత్‌పిక్‌తో పలచగా. మందంగా పూస్తే షట్టర్ వేగం మారుతుంది.
5. రాత్రంతా ఆరనివ్వండి, అప్పటిదాకా వైండ్ చేయకండి.

ఇకపై ఎండలో లెన్స్‌కు మూత పెట్టే తిరగండి.