దోషాల దగ్గరే పని మొదలుపెట్టు

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి రాయునది.

క్వాంటమ్ కంప్యూటింగ్‌లో పరిశోధన చేయాలని ఉన్నా ఏ సమస్య పట్టుకోవాలో తేలడం లేదని రాశావు. 2023లో కేంద్రం జాతీయ క్వాంటమ్ మిషన్‌కు 6,003.65 కోట్ల రూపాయలు ఆమోదించడమూ, అమరావతిలో క్వాంటమ్ వ్యాలీ తలపెట్టడమూ నాకూ సంతోషమే. కానీ నీ అంశాన్ని తేల్చవలసింది అవి కావు. నా మాట వింటే, క్వాంటమ్ కంప్యూటర్ లెక్కల్లో దొర్లే దోషాల దగ్గర మొదలుపెట్టు తల్లీ.

1994లో పీటర్ షోర్ పెద్ద సంఖ్యలను కారణాంకాలుగా విడగొట్టే క్వాంటమ్ పద్ధతిని చూపినప్పుడు, సమాచారాన్ని మోసే క్యూబిట్లు (మామూలు కంప్యూటర్‌లోని బిట్ల లాంటివి) అంతసేపు చెదరకుండా నిలుస్తాయా అన్న సందేహం బలంగా ఉండేది. మరుసటి ఏడాది ఆయనే తొమ్మిది క్యూబిట్ల దోషసవరణ సంకేతాన్ని, అంటే ఒక క్యూబిట్ సమాచారాన్ని తొమ్మిదింటిలో పరిచి దోషాన్ని పట్టి సరిచేసే పద్ధతిని, ఇచ్చాడు. సంకేతాన్ని పెద్దది చేసేకొద్దీ దోషం తగ్గుతుందని గూగుల్ వారి విల్లో అనే క్వాంటమ్ చిప్ మీద స్పష్టంగా కనబడేసరికి 2024 వచ్చింది. ఈ రంగంలో ఓపిక కొలత అది.

ముందుగా మూడు క్యూబిట్ల సంకేతాన్ని నీ చేత్తో కాగితం మీద చేసి చూడు. మొదటిదీ రెండోదీ ఒకేలా ఉన్నాయా, రెండోదీ మూడోదీ ఒకేలా ఉన్నాయా అని మాత్రమే అడుగుతాం. ఏదో ఒక్క క్యూబిట్ మాత్రమే 0 నుంచి 1కో, 1 నుంచి 0కో తిరగబడిందనుకో; రెండింటికీ ‘కాదు’ అని వస్తే తిరగబడింది మధ్యది. మొదటి ప్రశ్నకే ‘కాదు’ అని వస్తే మొదటిది. ఏ క్యూబిట్ విలువనూ విడిగా అడగలేదు కనుక లోపలి సూపర్‌పొజిషన్ (0, 1 కలగలిసిన స్థితి) చెక్కుచెదరదు. ఇది చేతికి వచ్చేదాకా సాఫ్ట్‌వేర్ ప్యాకేజీల జోలికి పోవద్దు.

ప్రయోగాల వైపు వెళ్తే, ముడి డేటాను కొలిచిన సమయంతో సహా దాచుకో. ఒకసారి సూపర్‌కండక్టింగ్ క్యూబిట్ (నిరోధం లేకుండా విద్యుత్తు పారే పదార్థంతో చేసినది) శక్తిని కోల్పోయే కాలాన్ని రాత్రంతా కొలిచి, సగటు తీసి, ఒకే సంఖ్యగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను. కొన్ని నెలల తర్వాత ఆ కొలతలనే వరుసగా గీసి చూస్తే, ఆ కాలం గంటల తరబడి నిలకడగా ఉండి, ఒక్కసారిగా సగానికి పడి, మళ్లీ లేచింది. చిప్ పదార్థంలోని సూక్ష్మ లోపాలు క్యూబిట్ పౌనఃపున్యానికి దగ్గరపడినప్పుడు అలా జరుగుతుంది. తెలుసుకోవలసిన భౌతికశాస్త్రమంతా అక్కడే ఉండగా, నేనే సగటు పేరుతో తుడిచేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ప్రయోగశాలను ఎంచుకునే ముందు అక్కడి సీనియర్లను కలిసి, క్యూబిట్లను పరమశూన్యానికి దగ్గరగా చల్లబరిచే డైల్యూషన్ ఫ్రిజ్ ఏడాదిలో ఎన్ని నెలలు చల్లగా నడిచిందో, చెడితే ఎవరు బాగుచేస్తారో అడుగు.

లెక్క చేసిన కాగితాలు నాకు పంపు. మూడు నుంచి తొమ్మిదికి వెళ్లేటప్పుడు ఫేజ్ దోషం (0, 1 విలువలు మారకుండా వాటి మధ్య గుర్తు మాత్రం తిరగబడే దోషం) దగ్గర చిక్కు పడుతుంది. అక్కడి నుంచి మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న