పచ్చసొన పేరు, సోయా సరుకు

సందేహం: పొట్లాల మీద 'సోయా లెసిథిన్' అని చూస్తుంటాను. లెసిథిన్ అన్న మాటకు మూలం పచ్చసొన అని చదివాను. సోయా గింజల్లోంచి తీసినదాన్ని అలా అనడం తప్పు కాదా? తెలుగులో 'సొనకొవ్వు' అనవచ్చా? లెసిథిన్ అని రాయాలా, లెసితిన్ అనా?

సమాధానం: మీరు చదివింది నిజమే. గ్రీకులో 'లెకిథోస్' అంటే పచ్చసొన. ఫ్రాన్సులో గోబ్లే అనే ఫార్మసిస్టు 1840ల్లో గుడ్డు పచ్చసొనలోంచి, నూనెనూ నీటినీ కలిపి నిలిపే ఈ పదార్థాన్ని వేరుచేసి, 1850లో ఆ పేరు పెట్టాడు. దొరికిన చోటును బట్టి పెట్టిన పేరన్నమాట. తీరా చూస్తే అది మెదడులో ఉంది, పైత్యరసంలో ఉంది, మొక్కల్లోనూ జంతువుల్లోనూ కణాల పొరల్లో ఉంది.

అయినా పేరును పుట్టినచోటే కట్టేస్తే మన 'నూనె' సంగతేం కావాలి? నువ్వుల నెయ్యే నూనె అయింది. సంస్కృతంలో తిలల నుంచి వచ్చింది తైలం. అయినా ఆముదపు గింజల నుంచి తీసినా తైలమే అంటున్నాం, వేరుశనగ నూనె అంటున్నాం. 'నువ్వుల నూనె' అంటే నువ్వులు రెండుసార్లు వచ్చినట్టే, ఎవరికీ ఇబ్బంది లేదు. సోయా లెసిథిన్‌కూ అంతే.

'సొనకొవ్వు'లో సొనతో నాకు పేచీ లేదు. మామిడికాయ తొడిమ తుంచితే కారేదీ సొనే కాబట్టి ఆ మాట చెట్టుకూ చెల్లుతుంది. చిక్కంతా కొవ్వుతోనే. మామూలు కొవ్వు అణువులో గ్లిజరాల్ అనే చిన్న అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు తగులుకుని ఉంటాయి. లెసిథిన్‌లో రెండే. మూడో చోట ఫాస్ఫేటు, దాని చివర కోలిన్ అనే మరో చిన్న అణువు ఉంటాయి. ఆ కొస నీటిని పట్టుకుంటుంది, తోకల్లాంటి రెండు కొవ్వు ఆమ్లాలు నూనెను పట్టుకుంటాయి. నూనె, నీళ్ళు కలిపి గిలక్కొట్టి వదిలేస్తే కాసేపటికి విడిపోతాయి. అందులో కాస్త పచ్చసొన వేసి గిలక్కొట్టండి, చిక్కగా కలిసిపోయి అలాగే నిలుస్తుంది. కొవ్వు ఒక్కటే ఉంటే ఆ పని జరగదు. 'కొవ్వు జాతి పదార్థం' అంటే ఒప్పుకుంటాను. పేరుగా మాత్రం లెసిథిన్‌నే ఉంచండి.

మీరు అడగలేదు గానీ అసలు తికమక ఇంకోచోట ఉంది. ముడి సోయానూనెలో వేడినీళ్ళు కలిపితే జిగురు ఉబ్బి విడివడుతుంది. దాన్ని తీసి ఆరబెడితే గోధుమరంగులో, తేనెలా చిక్కగా ఉంటుంది. వ్యాపారులు లెసిథిన్ అనేది ఆ మిశ్రమాన్ని. రసాయనవేత్తలు ఖచ్చితంగా మాట్లాడితే అందులోని ఫాస్ఫటిడైల్ కోలిన్‌ను, అంటే పైన చెప్పిన కోలిన్ కొస ఉన్న అణువును మాత్రమే అలా అంటారు. అందుకే 'ఈ లెసిథిన్‌లో లెసిథిన్ ఎంత?' అని అడిగినా అర్థం లేని ప్రశ్నేం కాదు. రాసేటప్పుడు ఏది ఉద్దేశమో ఒకసారి చెప్పేస్తే గొడవ ఉండదు.

ఇక వర్ణక్రమం. ఈథర్, మిథేన్ అని రాస్తున్నాం కాబట్టి లెసిథిన్ అనే రాయండి. తకారంతో రాసేవాళ్ళను తప్పుపట్టలేను. పేరు పెట్టిన ఫ్రెంచివాళ్ళ నోట అది తకారమే.